ఎడీ లాడ్ పనిని ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి? వేల్స్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

సంగమం పిల్ల

అందరికీ నమస్కారం. నేను వేల్స్‌లో పెర్ఫార్మెన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. పోయిన వారం క్లాసులో ఎడీ లాడ్ అనే వెల్ష్ ప్రదర్శన కళాకారిణి గురించి చెప్పి ఒక చిన్న వీడియో ముక్క చూపించారు. ఒకావిడ ట్రెడ్‌మిల్ మీద పరుగెడుతోంది. అది జైల్లో నిరాహార దీక్ష చేసి చనిపోయిన ఐరిష్ తిరుగుబాటుదారు బాబీ శాండ్స్ మీద చేసిన ప్రదర్శన అన్నారు. ఇది డాన్సా, నాటకమా, ఇంకేదన్నానా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడ ఇన్నేళ్లుగా ఇదే పని ఎలా చేసుకొస్తున్నారో, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య దారం ఏంటో తెలుసుకోవాలని ఉంది.

అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం నీళ్లలో మునిగిపోయింది, 1981లో. ఈ టర్మ్ చివర నేను ఇరవై నిమిషాల సోలో చెయ్యాలి, ఆ ఊరి మీదే చేస్తాను, తెలుగులోనే చెయ్యాలని ఉంది. మాతో చదివే ఒకరు "సబ్‌టైటిల్స్ వేస్తావుగా, లేకపోతే మేమెందుకు కూర్చోవడం" అన్నారు. చెడ్డగా అన్న మాటేం కాదు, కానీ రెండు రోజులు నన్ను వదల్లేదు. ఎవరైనా దారి చూపిస్తే మేలు చేసినవాళ్లవుతారు.

కార్డిఫ్ వాన

అమ్మా, మంచి ప్రశ్న. నేను ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, దొరికినప్పుడల్లా ఆవిడ పని చూశాను, దొరకనివి చదివాను. ముందు ఒక మాట చెప్తాను, డాన్సా నాటకమా అని తేల్చుకోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి, ఆవిడ పెట్టుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఆవిడ పడమటి వేల్స్‌లో కార్డిగన్ వైపు రైతుల ఇంటి పిల్ల. ఆబెరిస్ట్‌విత్‌లో డ్రామా చదివారు. తర్వాత ఎస్‌4సీ, అంటే ఇక్కడి వెల్ష్ భాష టీవీ ఛానల్‌లో, విడియో 9 అనే మ్యూజిక్ ప్రోగ్రామ్‌కి ప్రెజెంటర్‌గా చేశారు. ఇంకోవైపు బ్రిథ్ గోవ్ అనే కంపెనీ. ఆ పేరుకి లీలగా గుర్తుండటం అని అర్థం. 1981లో మొదలైన కంపెనీ, థియేటర్ హాళ్లు వదిలేసి మూతపడ్డ ఫ్యాక్టరీల్లో, అడవుల్లో ప్రదర్శనలు పెట్టేవాళ్లు. 1988 చివర్లో కార్డిఫ్‌లో మూతపడ్డ రోవర్ కార్ల ఫ్యాక్టరీలో గొడోధిన్ అనే ప్రదర్శన చేశారు, ఇసుక, చెట్లు, పాత కార్లు, చివరికి నీళ్లు కూడా లోపలికి వదిలారు. 1995లో లాంపెటర్ దగ్గర నాటి పెంచిన అడవిలో పాడుబడ్డ ఒక రైతు ఇంటి దగ్గర ట్రి బవిడ్ చేశారు. మూడు జీవితాలు అని అర్థం. అందులో ఒకటి సారా జేకబ్ కథ. తిండి లేకుండా బతుకుతోందని ఊరంతా నమ్మిన పిల్ల, 1869లో పక్కన నర్సుల్ని కాపలా పెట్టి చూస్తే నిజంగానే ఆకలితో చనిపోయింది. ఎడీ లాడ్ ఆ కంపెనీలో 1990లలో పనిచేశారు. చోటు అంటే కథ వెనక వేలాడే తెర కాదని ఆవిడ అక్కడే ఒంటబట్టించుకున్నారని నేననుకుంటాను.

మీరు మాత్రం స్కార్‌ఫేస్‌తో మొదలుపెట్టండి. 1983లో బ్రయాన్ డి పామా తీసిన సినిమా తెలుసుగా, క్యూబా నుంచి మయామీకి వచ్చి డ్రగ్స్ వ్యాపారంలో పైకొచ్చి తన మేడలోనే తుపాకులకి బలైపోయే టోనీ మోంటానా, అల్ పచీనో వేసిన వేషం. 2000 ప్రాంతంలో ఎడీ లాడ్ అదంతా ఒంటరిగా చేశారు. స్టేజీ మీద ఆవిడ వెనక ఉట్టి నీలం తెర, మన సినిమావాళ్లు బ్లూ మ్యాట్ అంటారే, అదే. స్క్రీన్ మీద మాత్రం ఆ నీలం పోయి వెనక వేరే దృశ్యం వస్తుంది. ఆ దృశ్యం మయామీ కాదు, ఆవిడ అమ్మానాన్నల పొలం, ఇల్లు.

ఇప్పుడు మీరు హాల్లో కూర్చున్నారనుకోండి. కన్ను ఒకచోట నిలవదు. స్క్రీన్ మీద చూస్తే ఆవిడ సొంత ఇంట్లో ఉంది, స్టేజీ మీద చూస్తే చుట్టూ ఏమీ లేదు, నీలం తప్ప. రెండూ ఒకే క్షణంలో జరుగుతున్నాయి, ఒకే ఒంటితో. ఊరొదిలి వచ్చినవాళ్లకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వీడియో కాల్లో మా అమ్మ వంటిల్లు చూసిన ప్రతిసారీ నాకు ఆ నీలం తెరే గుర్తొస్తుంది.

తెర వెనక

నేను హైదరాబాద్‌లో నాటకాలకి లైటింగ్ చేస్తాను. ఎడీ లాడ్‌ని ప్రత్యక్షంగా చూడలేదు, కానీ ఆ ట్రెడ్‌మిల్ గురించి ఒక మాట చెప్పాలి. బాబీ శాండ్స్ ఉత్తర ఐర్లాండ్‌లోని మేజ్ జైల్లో 66 రోజులు నిరాహార దీక్ష చేసి 1981 మే 5న చనిపోయాడు, 27 ఏళ్లకి. అప్పటికి ఒక నెల కూడా కాలేదు బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికై. చిన్నప్పుడు అతను క్రాస్ కంట్రీ పరుగులు పెట్టేవాడు, ఆ ప్రదర్శన పేరు కూడా రాస్ గోఫ బాబీ శాండ్స్, అంటే బాబీ శాండ్స్ స్మారక పరుగు. తిండి మానేసిన మనిషి కథని మంచం మీద పడుకోబెట్టి చూపించడం ఎవరికైనా తడుతుంది. ఈవిడ పరుగెత్తించారు. ట్రెడ్‌మిల్ మీద ఎంత పరుగెత్తినా గది దాటలేం, ఒంట్లో ఉన్నది మాత్రం కరిగిపోతుంది. నిరాహార దీక్ష గురించి ఇంతకన్నా సూటిగా చెప్పే సెట్ నాకు తట్టదు, లైటింగ్ కూడా పెద్దగా అక్కర్లేదు దానికి.

అయితే ఒక అభ్యంతరం ఉంది. 2015లో ఆవిడా, కొరియోగ్రాఫర్ సారా విలియమ్సూ కలిసి చేసిన డౌన్స్ అస్బ్రిడ్యోన్, అంటే ఆత్మల నృత్యం, అమెరికా ఆదివాసుల ఘోస్ట్ డాన్స్‌నీ వేల్స్‌లో ట్రవెరిన్ లోయ మునకనీ పక్కపక్కన పెడుతుంది. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం ఆ ఆదివాసుల్ని వందల మందిని చంపేసింది, ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా. ట్రవెరిన్‌లో ఇళ్లు పోయాయి, ప్రాణాలు తియ్యలేదు. ఈ రెండింటినీ ఒక తాటికి కట్టడం సబబేనా? మునిగిన ఊరి మీద చెయ్యబోతున్నారు కాబట్టి మీరు ఈ ప్రశ్న ముందే వేసుకోవడం మంచిది.

పడమటి గాలి

నేనుండేది ఆబెరిస్ట్‌విత్‌లో. తెర వెనక గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు, నన్నూ కొంత ఇబ్బంది పెట్టింది అది. కానీ ఆ పని చావుల లెక్కని పోలుస్తోందని నాకనిపించదు. ఘోస్ట్ డాన్స్ ఏంటంటే, పైయూట్ తెగకి చెందిన వొవోకా అనే ఆయన చెప్పినట్టు వలయంగా కూడి నాట్యం చేస్తే చనిపోయినవాళ్లు తిరిగొస్తారు, పోయిన నేల తిరిగొస్తుంది అనే నమ్మకం. అంటే నాట్యాన్ని వినోదంగా కాకుండా, పోయినదాన్ని వెనక్కి తెచ్చే పనిగా చూడటం. డాన్సర్‌కి అంతకన్నా పెద్ద ప్రశ్న ఏముంటుంది? ట్రవెరిన్ ఆ ప్రశ్న వేసుకోవడానికి ఆవిడకి దగ్గరున్న చోటు.

ఆ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రవెరిన్ లోయని ముంచడానికి 1957లో పార్లమెంటు చట్టం చేసింది, అప్పటి 36 మంది వెల్ష్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటెయ్యలేదు, అయినా పాసైపోయింది. ఆ లోయలోని కాపెల్ కెలిన్ అనే ఊరు, బడి, పోస్టాఫీసు, చాపెల్, శ్మశానంతో సహా 1965లో నీళ్ల కిందికెళ్లింది. అది దాదాపు అందరూ వెల్షే మాట్లాడుకునే ఊరు. లివర్‌పూల్ కౌన్సిల్ 2005లో క్షమాపణ చెప్పింది, 40 ఏళ్ల తర్వాత. మా ఊరి నుంచి దక్షిణంగా వెళ్తుంటే లాన్‌రిస్టిడ్ దగ్గర రోడ్డు పక్కన ఒక పాడుబడ్డ గోడ మీద కోవ్యుఖ్ డ్రవెరిన్ అని రాసుంటుంది, ట్రవెరిన్‌ని మరిచిపోవద్దు అని. 2019లో ఎవరో ఆ గోడని పాడుచేస్తే వారాల్లో దేశమంతా గోడల మీద, గ్యారేజీల మీద అదే రాత వెలిసింది. ఎర్ర నేపథ్యం, తెల్ల అక్షరాలు. దాని కింద ఇంగ్లీషు తర్జుమా ఉండదు. కాబట్టి మీ సబ్‌టైటిల్స్ ప్రశ్నకి ఒక జవాబు ఆ గోడ దగ్గరే ఉంది, బస్సులో వెళ్లి చూసి రండి.

వెల్ష్ మాట్లాడేవాళ్లు 2021 జనాభా లెక్కల్లో 17.8 శాతమే. ఎడీ లాడ్ తన పనులకి చాలాసార్లు రెండు భాషల్లో పేర్లు పెడతారు, రెండూ ఒకే పోస్టర్ మీద ఉంటాయి, ఒకటి రెండోదానికి కింద నోట్సులాగా ఉండదు. నాకు అది బాగా నచ్చుతుంది.

కార్డిఫ్ వాన

ఒకటి మరిచిపోయాను. వెల్ష్ కవి డిలన్ థామస్ శతజయంతి 2014లో వచ్చింది, అందరూ ఆయన గురించి చేస్తుంటే ఆవిడ ఆయన భార్య కేట్లిన్ వేషం కట్టారు. డెబోరా లైట్, గ్విన్ ఎంబర్టన్‌లతో కలిసి చేసిన పని. తాగుడు మానాలనుకునేవాళ్లు గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుంటారు చూడండి, ఆ మీటింగ్ లాగా పెట్టారు, మనం కూడా ఆ వలయంలోనే కూర్చోవాలి. నా మోకాళ్లకి రెండడుగుల దూరంలో ఆవిడ, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది, పక్కన ఖాళీ కుర్చీ లాగినప్పుడు నేల అదిరి నా అరికాళ్లకి తగిలింది. మాటలు సగం గుర్తు లేవు నాకు. ఆ అదురు గుర్తుంది. అదే బృందం ఒవైన్ గ్లిన్‌డూర్ మీద సైలెంట్ డిస్కో కూడా చేసింది, 1400లో ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డ ఆయన కథని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జనం తామే ఆడుతూ వింటారు.

ఇన్నేళ్లు ఎలా చేసుకొస్తున్నారు అనడిగారు కదా. నాకు కనిపించేది ఇది: పెద్ద కంపెనీ పెట్టుకోలేదు, తోడు మనుషుల్ని పనిని బట్టి కలుపుకుంటారు, విషయం ఎంత దూరందైనా తన ఒంటి గుండా, తన నేల గుండా తెచ్చుకుంటారు. మీరు అమ్మమ్మ గారి ఊరి చరిత్ర అంతా చెప్పాలనుకోకండి. ఆ ఊళ్లో మీ ఒంటితో చెయ్యగలిగిన పని ఒక్కటి వెతకండి.

సంగమం పిల్ల

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ చదివి, తెల్లారేదాకా ఆగి అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడల్లా ఆవిడని తీసుకెళ్తారు, కాబట్టి ఆ మాటే ఎత్తుతుంది అనుకున్నాను. నేను మాత్రం "ఇంటి నుంచి కృష్ణ ఒడ్డుకి ఎన్ని అడుగులు అమ్మమ్మా" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోయేటప్పుడా వచ్చేటప్పుడా? బిందె ఖాళీగా ఉంటే ఒక లెక్క, నిండితే ఒక లెక్క" అంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి గదిలో నడిచి చూపించిందంట, మామయ్య చెప్పాడు.

తెర వెనక గారూ, మీ ప్రశ్న రాసి పెట్టుకున్నాను, వేరే ఎవరి చావుతోనూ పోల్చను. సబ్‌టైటిల్స్ వెయ్యడం లేదు. ఇప్పుడు ఒక్క సాయం కావాలి. రిహార్సల్ గది ఈ గోడ నుంచి ఆ గోడకి తొమ్మిది మీటర్లే ఉంది, అమ్మమ్మ చెప్పిన దూరం అందులో పట్టదు, అటూ ఇటూ తిరుగుతూ నడవాలి. ఇత్తడి బిందె ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉందా? స్టీలుది వద్దు, బరువు తేడా వస్తుంది. కార్డిఫ్ అయినా, స్వాన్సీ అయినా వచ్చి తీసుకెళ్తాను.

పడమటి గాలి

మా ఇంట్లో ఉంది. పెళ్లప్పుడు అత్తగారు ఇచ్చింది, నీళ్లు నింపితే నేనైతే ఎత్తలేను. శనివారం రండి, వచ్చే దారిలోనే ఆ గోడ కనిపిస్తుంది.