గిటార్ నుంచి యాంప్ దాకా: ఏ కేబుల్, ఎంత పొడవు?

సింగిల్‌కాయిల్

అందరికీ నమస్తే. ముందు సెటప్ చెప్తాను. స్ట్రాట్ రకం గిటార్, మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లే (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలు), వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పాట్‌లు 250 కిలో ఓమ్. అక్కడి నుంచి 6 మీటర్ల కేబుల్ పెడల్ బోర్డుకి. బోర్డు మీద ఐదు పెడల్స్ (కాలితో నొక్కి సౌండ్ మార్చుకునే పెట్టెలు), అన్నీ ట్రూ బైపాస్, అంటే ఆఫ్ చేస్తే సిగ్నల్ నేరుగా దాటిపోయే రకం, మొదటిది ఫజ్ ఫేస్ తరహా ఫజ్, అంటే సౌండ్‌ని గరుకుగా చేసేది. బోర్డు నుంచి మళ్లీ 6 మీటర్లు వాల్వ్ హెడ్‌కి (స్పీకర్ లేని యాంప్), హెడ్ నుంచి విడిగా 8 ఓమ్‌ల క్యాబినెట్‌కి (స్పీకర్ పెట్టె). ట్యూనర్ క్లిప్ రకం కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

3 మీటర్ల కేబుల్‌తో గిటార్‌ని నేరుగా హెడ్‌కి పెడితే టోన్ తేటగా ఉంటోంది. మధ్యలోకి బోర్డు వచ్చిందంటే, పెడల్స్ అన్నీ ఆఫ్‌లో ఉన్నా సరే, గొంతు పూడుకుపోయినట్టు అవుతోంది. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే మరీ ఘోరం. పైగా గిటార్ వైపు కేబుల్ కదిలితే గరగర.

కేబుల్స్ అన్నీ మార్చేద్దామని ఉంది. ఏం చూసి కొనాలి? ఆక్సిజన్ లేని రాగి, బంగారు పూత, కేబుల్ మీది బాణం గుర్తు... వీటిలో దేన్ని నమ్మాలి?

హెన్రీ_ఫారడ్

అన్నీ మార్చనక్కర్లేదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కెపాసిటెన్స్ (చార్జ్‌ని నిల్వ చేసుకునే గుణం) వైపే చూపిస్తున్నాయి, గరగర ఒక్కటి వేరే జబ్బు.

గిటార్ కేబుల్‌లో మధ్య తీగ ఒకటి, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆ పైన షీల్డ్ ఉంటాయి. అంటే పొడవునా అదొక కెపాసిటర్. మామూలుగా మీటరుకి 50 నుంచి 160 పికోఫారడ్ల దాకా ఉంటుంది. సోమర్ స్పిరిట్ ఎల్‌ఎల్‌ఎక్స్ 52, మొగామి 2524 రకం 130, కనారే జీఎస్-6 రకం 160. ఇవి మూడూ మంచి కేబుల్సే, తేడా స్వభావంలో ఉంది. కొనేటప్పుడు స్పెక్ షీట్‌లో ముందు ఈ అంకె వెతకండి. కొన్ని కంపెనీలు అడుగుకి ఇస్తాయి, దాన్ని 3.28తో గుణిస్తే మీటరు లెక్క వస్తుంది. ఈ అంకె ఎక్కడా ఇవ్వకుండా టోన్ గురించి పేజీలకు పేజీలు రాసిన కేబుల్‌ని పక్కన పెట్టేయండి.

పికప్ అంటే ఒక ఇండక్టర్. స్ట్రాట్ సింగిల్ కాయిల్ సుమారు 2 నుంచి 3 హెన్రీలు, హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) 4 నుంచి 8 దాకా. ఇండక్టరూ కెపాసిటరూ కలిస్తే ఒక రెజొనెన్స్ శిఖరం ఏర్పడుతుంది. గిటార్‌లో మనం తేట, మెరుపు అనేది ఎక్కువగా అక్కడే వినిపిస్తుంది, ఆ శిఖరం దాటాక ట్రెబుల్ వేగంగా పడిపోతుంది. కెపాసిటెన్స్ పెరిగేకొద్దీ శిఖరం కిందికి జారుతుంది. 2.5 హెన్రీల పికప్, దాని సొంత కెపాసిటెన్స్ 110 పికోఫారడ్లు అనుకుంటే:

300 పికోఫారడ్ల కేబుల్‌తో శిఖరం దాదాపు 5 కిలోహెర్ట్జ్ దగ్గర,
500తో 4.1 దగ్గర,
1000తో 3 దగ్గర.

ట్రూ బైపాస్ పెడల్ ఆఫ్‌లో ఉంటే దాన్ని తీగ ముక్క కిందే లెక్కేయాలి. కాబట్టి మీ గిటార్‌కి కనిపించేది 6 మీటర్లు కాదు, 12 మీటర్లు, దాని మీద పెడల్స్‌ని కలిపే పొట్టి ప్యాచ్ కేబుల్స్ కూడా. పరీక్ష చాలా తేలిక. ఫజ్‌ని వదిలేసి మిగతా వాటిలో ఏదో ఒక పెడల్ ఆన్ చేసి, నాబ్‌లు దాదాపు తటస్థంగా పెట్టండి. ట్రెబుల్ తిరిగొచ్చిందంటే రోగం తేలిపోయినట్టే. ఆన్‌లో ఉన్న పెడల్ దాని తర్వాతి కేబుల్ భారాన్ని గిటార్ మీద పడనివ్వదు.

వాల్యూమ్ తగ్గిస్తే ఎందుకు ఘోరమవుతుందంటే, అప్పుడు పాట్‌లోని రెసిస్టెన్స్ సిగ్నల్ దారిలోకి వచ్చి, కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి లో-పాస్ ఫిల్టర్ అవుతుంది. 250 కిలో ఓమ్ పాట్‌లో ఇది గరిష్ఠంగా 62.5 కిలో ఓమ్‌లు. మీ కేబుల్స్ మీటరుకి 160 రకమైతే మొత్తం 2100 పికోఫారడ్ల దాకా వస్తుంది, దానితో కలిస్తే సుమారు 1,200 హెర్ట్జ్ నుంచే కోత మొదలు.

మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ రేంజ్ ఉంటే, కేబుల్ రెండు వైపులా విప్పేసి, ఒక ప్లగ్ మొనకీ స్లీవ్‌కీ (మొన వెనకున్న పొడవాటి లోహపు భాగం) మధ్య కొలవండి. అంకె పెట్టండి, లెక్క వేద్దాం.

క్లీన్‌చానల్

అంత లెక్క దేనికన్నా, అన్నిచోట్లా 52 పికోఫారడ్ల కేబుల్ వేసేస్తే సరిపోదా?

హెన్రీ_ఫారడ్

సరిపోతుంది కానీ సగం డబ్బు వృథా. బఫర్ (తర్వాతి కేబుల్ భారాన్ని గిటార్ మీద పడనివ్వని చిన్న సర్క్యూట్) తర్వాత, లేదా ఆన్‌లో ఉన్న పెడల్ తర్వాత, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 1 కిలో ఓమ్ అనుకుంటే 1000 పికోఫారడ్ల కేబుల్ కోత మొదలయ్యేది 159 కిలోహెర్ట్జ్ దగ్గర. అది వినేవాడు లేడు. ఈఎంజీ 81 లాంటి, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకూ అంతే, 10 కిలో ఓమ్‌ల ఔట్‌పుట్‌తో అదే కేబుల్ దాదాపు 16 కిలోహెర్ట్జ్ దాకా ఏమీ చేయదు. అలాంటి గిటార్‌కి కెపాసిటెన్స్ అంకె చూసి ఎక్కువ పెట్టి కొనడం అనవసరం.

ఇంకోటి, తక్కువ కెపాసిటెన్స్ ఎప్పుడూ మంచిదే అని కూడా కాదు. సింగిల్ కాయిల్, పొట్టి కేబుల్, ప్రకాశవంతమైన యాంప్ మూడూ కలిస్తే బ్రిడ్జ్ పికప్ చెవిలో గుచ్చుతుంది. పాతకాలపు చుట్టల కేబుల్స్‌తో వాయించిన టోన్‌లు మెత్తగా ఉండటానికి వాటి అధిక కెపాసిటెన్స్ ఒక కారణం. ఎక్కువైన ట్రెబుల్‌ని తగ్గించడం సులువు. జాక్‌కి అడ్డంగా 220 లేదా 470 పికోఫారడ్ల కెపాసిటర్ వేస్తే పొడవైన కేబుల్ పెట్టినట్టే. పోయినదాన్ని తీసుకురావడమే కష్టం.

సింగిల్‌కాయిల్

కొలిచాను. 6 మీటర్ల కేబుల్స్ రెండూ ఒక్కొక్కటి 0.96 నానోఫారడ్లు. ప్యాచ్‌లు నాలుగు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు, నాలుగూ కలిపి దాదాపు 0.19. మీరన్నట్టు చివరి డిలే ఆన్ చేస్తే ట్రెబుల్ కొంత తిరిగొస్తోంది, బోర్డులో ముందున్న ఓవర్‌డ్రైవ్ ఆన్ చేస్తే ఇంకా బాగా వస్తోంది.

హెన్రీ_ఫారడ్

అయితే మీటరుకి 160 రకం. మొత్తం 960 + 190 + 960, పికప్ సొంతం 110 కలిపితే సుమారు 2,220 పికోఫారడ్లు. శిఖరం 2.1 కిలోహెర్ట్జ్ దగ్గర కూర్చుంది. అదే రకం 3 మీటర్ల కేబుల్‌తో నేరుగా పెట్టినప్పుడు 4.1 దగ్గర ఉంటుంది. మీ చెవులు సరిగ్గానే విన్నాయి.

ముందు బఫర్ పెట్టండి. స్థానం మాత్రం ఫజ్ తర్వాతే. ఫజ్ ఫేస్ తరహా సర్క్యూట్‌కి ఎదురుగా పికప్పే ఉండాలి. మధ్యలో బఫర్ వస్తే ఫజ్ కరుకుగా మారుతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించి క్లీన్ చేసుకునే గుణం పోతుంది. విడిగా చిన్న బఫర్ కొనొచ్చు, లేదా బాస్ టీయూ-3 లాంటి బఫర్ ఉన్న ట్యూనర్‌ని రెండో స్థానంలో పెట్టొచ్చు. ఒక్క పనితో ట్యూనరూ, బఫరూ రెండూ వస్తాయి.

అప్పుడు మీ గిటార్ మోసేది మొదటి 6 మీటర్లు, ఒక ప్యాచ్, అంతే. శిఖరం 3 కిలోహెర్ట్జ్‌కి వస్తుంది. ఇక ఆ మొదటి కేబుల్ ఒక్కటి మార్చండి. మీటరుకి 90 రకం 4.5 మీటర్లు అయితే 405 పికోఫారడ్లు, మొత్తం లెక్క వేస్తే 4.2 కిలోహెర్ట్జ్. 3 మీటర్లతో నేరుగా పెట్టిన టోన్ మీకు తిరిగొచ్చినట్టే. బోర్డు నుంచి హెడ్‌కి వెళ్లే 6 మీటర్ల కేబుల్‌ని అలాగే ఉంచండి.

వాల్యూమ్ తగ్గించినప్పుడు ఇంకా మందంగా అనిపిస్తే ట్రెబుల్ బ్లీడ్ (ట్రెబుల్‌ని పాట్ దాటించే చిన్న సర్క్యూట్) వేయొచ్చు. వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలుకీ మధ్య కాలుకీ నడుమ 1 నానోఫారడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 150 కిలో ఓమ్ రెసిస్టర్. బఫర్ పెట్టి విన్నాకే దీని జోలికి వెళ్లండి.

టంకం

గరగర సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దీనికి కొత్త కేబుల్ కొని, గరగర పోక, ఇంకోటి కొనేవాళ్లు చాలామంది.

మొదట అదే కేబుల్‌ని పెడల్‌లోనో, ఇంకో గిటార్‌లోనో పెట్టి కదపండి. గరగర లేదంటే తప్పు మీ గిటార్ జాక్‌ది. లోపలి నాలుక లాంటి కాంటాక్ట్ వదులై ఉంటుంది, ప్లేట్ విప్పి దాన్ని కొంచెం లోపలికి వంచితే ప్లగ్ మొనని గట్టిగా పట్టుకుంటుంది. నట్టు బిగించేటప్పుడు వెనక జాక్‌ని పట్టుకోవాలి. లేకపోతే జాక్ మొత్తం తిరిగి లోపలి తీగలు మెలిపడి తెగుతాయి.

కేబుల్‌దే తప్పయితే ఎక్కడ కదిపితే గరగర వస్తోందో చూడండి. ప్లగ్ నుంచి ఒక జానెడు లోపలే అయితే టంకం ఊడిందో, షీల్డ్ తెగిందో. 15 సెంటీమీటర్లు కోసేసి ప్లగ్ మళ్లీ వేసుకోండి, కేబుల్ బతుకుతుంది. అలా కాకుండా ఎక్కడ తొక్కినా, తట్టినా ధబ్‌ధబ్‌మంటే అది కేబుల్ నిర్మాణంలోని లోపం. షీల్డ్ ఇన్సులేషన్‌కి రాసుకుని పుట్టే స్టాటిక్ చార్జ్ వల్ల వస్తుంది. మంచి గిటార్ కేబుల్‌లో దీనికోసమే ఇన్సులేషన్ మీద కరెంటు పారే నల్ల ప్లాస్టిక్ పొర ఒకటి వేస్తారు. ఆ పొర లేని కేబుల్‌కి ఎంత టంకం పెట్టినా లాభం లేదు.

షీల్డ్ విషయానికొస్తే, జడలా అల్లినది బలమైనది, తొక్కుడు తట్టుకుంటుంది, విప్పడం మాత్రం విసుగు. ఒకే వైపు చుట్టిన షీల్డ్ మెత్తగా వంగుతుంది, టంకానికి తేలిక, కానీ పదే పదే ఒకచోట వంగితే పోగులు విడిపోయి సందులు పడతాయి. రేకు షీల్డ్ పూర్తిగా కప్పుతుంది కానీ వంపులకి చిరుగుతుంది. అది ర్యాక్ వెనకో, బోర్డు కిందో కదలకుండా ఉండే చోటికే. గిటార్ వైపు అల్లినదే తీసుకోండి.

ప్లగ్‌లు న్యూట్రిక్ గానీ స్విచ్‌క్రాఫ్ట్ గానీ, విప్పి మళ్లీ టంకం పెట్టుకునేవి అయితే చాలు. ప్లాస్టిక్ పోతపోసిన ప్లగ్ పాడైతే కోసి పారేయాల్సిందే. స్ట్రాట్ పడవ జాక్‌కి నిటారు ప్లగ్ తప్పనిసరి, ఎల్ ఆకారం లోపల పట్టదు.

మీరే తయారు చేసుకుంటే:

ప్లగ్ డొప్పనీ, కేబుల్‌ని బిగించి పట్టుకునే ముక్కనీ ముందే కేబుల్‌కి ఎక్కించండి. టంకం అయ్యాక గుర్తొస్తే అంతా ఊడదీయాలి. పై తొడుగు 15 నుంచి 20 మి.మీ. తీసి, షీల్డ్‌ని ఒక పక్కకి పురిపెట్టండి. ఇప్పుడు అసలు మెలిక. ఆ నల్ల పొర కూడా కరెంటు పారేదే కదా, దాన్ని మధ్య తీగ కొస నుంచి కనీసం 4 మి.మీ. వెనక దాకా చుట్టూ గీరి తీసేయాలి. అది మొన కాంటాక్ట్‌కి తగిలితే పూర్తి షార్ట్ అవదు, సిగ్నల్ కొంచెం కొంచెం కారిపోతుంది. కంటిన్యుటీ బీప్‌కి ఇది దొరకదు. మీటర్‌ని 20 మెగా ఓమ్ రేంజ్‌లో పెట్టి మొన నుంచి స్లీవ్‌కి కొలవండి, ఓపెన్ అని చూపాలి. కిలో ఓమ్‌లలో ఏదైనా అంకె వస్తే నల్ల పొర తగులుతున్నట్టే.

60/40 టంకం తీగ, ఐరన్ 350 డిగ్రీల దగ్గర. తీగకీ ప్లగ్ కాలుకీ విడివిడిగా టంకం పూసి, తర్వాత కలపండి. రెండు మూడు సెకన్లు చాలు. స్లీవ్ కాలు ఎక్కువ వేడి తాగుతుంది, అక్కడే జనం ఐరన్ పెట్టి కూర్చుని ఇన్సులేషన్ కరిగిస్తారు. తక్కువ కెపాసిటెన్స్ కేబుల్స్‌లో నురగ ఇన్సులేషన్ ఉంటే ఇంకా తొందరగా కరిగి లోపలే షార్ట్ అవుతుంది. చివర్లో ఆ బిగించే ముక్క పై తొడుగుని పట్టుకోవాలి, టంకం మీద లాగుడు పడకూడదు.

వాడేటప్పుడు కేబుల్‌ని స్ట్రాప్ వెనక నుంచి తిప్పి పెట్టుకోండి. మోచేతికి చుట్టకండి, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వేస్తే మెలిక నిలవదు.

వాల్వ్‌హెడ్

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. హెడ్ నుంచి క్యాబినెట్‌కి ఏం వాడుతున్నారు? రెండు కొసలా అదే 6.35 మి.మీ. ప్లగ్ కాబట్టి గిటార్ కేబుల్ కూడా అక్కడ పడుతుంది. పెట్టకండి.

100 వాట్లు 8 ఓమ్‌లకి వెళ్తుంటే 3.5 ఆంపియర్లు, 4 ఓమ్‌లకైతే 5. గిటార్ కేబుల్ మధ్య తీగ అంత కరెంటు కోసం చేసింది కాదు, వేడెక్కుతుంది, పవర్ దారిలోనే పోతుంది. మధ్యలో తెగిందంటే వాల్వ్ యాంప్‌కి లోడ్ లేనట్టే, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ కేబుల్ అంటే షీల్డ్ లేని రెండు సమానమైన లావు తీగలు, ఒక్కోటి 1.5 నుంచి 2.5 చదరపు మి.మీ., వీలైనంత పొట్టిగా. తొడుగు మీద ఏం అచ్చయి ఉందో చదవండి. ఏమీ లేకపోతే ప్లగ్ విప్పి చూడండి, తీగ చుట్టూ షీల్డ్ కనిపిస్తే అది స్పీకర్‌కి పనికిరాదు. స్పీకర్ కేబుల్‌ని గిటార్‌కి పెడితే ప్రమాదం లేదు గానీ హమ్ తప్ప ఇంకేం వినపడదు.

సింగిల్‌కాయిల్

ప్లగ్ విప్పి చూశాను, లావు తీగలే, షీల్డ్ లేదు. గరగర గిటార్ జాక్‌దేనని తేలింది, టంకం గారికి థ్యాంక్స్. బంగారు పూత, బాణం గురించి కూడా చెప్తే ఆర్డర్ పెట్టేస్తాను. 90 రకం, 4.5 మీటర్లు, బఫర్ ఉన్న ట్యూనర్.

టంకం

బంగారం తుప్పు పట్టదు, తేమ ఉన్నచోట అది మంచిదే. నికెల్ గట్టిది, రోజూ పెట్టి తీసే చోట ఎక్కువ కాలం నిలుస్తుంది. టోన్‌లో తేడా లేదు. ఆక్సిజన్ లేని రాగీ అంతే, ఈ పొడవుల్లో వినిపించేది ఏమీ లేదు. బాణం ఉన్న కేబుల్స్‌లో కొన్నింటికి లోపల రెండు తీగలుండి, షీల్డ్‌ని ఒక కొసలోనే కలుపుతారు. ఆ కొస యాంప్ వైపు ఉండేలా బాణం గీస్తారు. తిప్పి పెట్టినా పనిచేస్తుంది.

ఆర్డర్‌లో ఒక్కటి చూసుకోండి. గిటార్ వైపు నిటారు ప్లగ్, ఫజ్ వైపు ఎల్ ప్లగ్ ఉన్నది తీసుకుంటే బోర్డు పక్కన కేబుల్ బయటికి పొడుచుకుని రాదు, కాలికి తగలదు.