సొనోమాలో వైన్ తాగనివాళ్ళకి చూడ్డానికి ఏమైనా ఉందా?

ఫ్రీమాంట్ కోడలు:
అందరికీ నమస్తే. మా అత్తమ్మ, మామయ్య గుంటూరు దగ్గర పల్లె నుంచి వచ్చారు. గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, మాల్స్ అన్నీ అయిపోయాయి, ఇంట్లో మామయ్యకి అస్సలు పొద్దుపోవట్లేదు. మా ఆయన వైన్‌కి పేరున్న నాపా అంటున్నాడు, ఆఫీసులో వాళ్ళేమో దాని పక్కనే ఉన్న సొనోమా వెళ్ళండి పాత ఊరు బాగుంటుంది అంటున్నారు. చిక్కేంటంటే మా ఆయన తప్ప ఎవరూ తాగరు, అత్తమ్మ గుడ్డు కూడా ముట్టదు, మోకాళ్ళ నొప్పులు, పైగా ఐదేళ్ళ పిల్లాడు. తీరా అంత దూరం తీసుకెళ్ళాక "సారా కొట్లు చూపించడానికా ఇంత దూరం" అంటారేమోనని భయం. పొద్దున పోయి రాత్రికి వచ్చేయాలి. వెళ్ళినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉల్లిపాయ పెసరట్టు:
నిర్భయంగా సొనోమాకే వెళ్ళండి. నాపాలో వైనరీకీ వైనరీకీ మధ్య కార్లోనే తిరగాలి, తాగనివాళ్ళు కిటికీలోంచి తోటలు చూడ్డమే. సొనోమాలో అసలు ఊరే చూడాల్సింది, అన్నీ ప్లాజా, అంటే ఊరి నడిబొడ్డు మైదానం, చుట్టూ ఉంటాయి. ఆ ప్లాజా ఎనిమిది ఎకరాలు, 1835లో వయేహో అనే మెక్సికన్ కమాండర్ ప్లాన్ గీయించింది, కాలిఫోర్నియాలో ఇంత పెద్ద ప్లాజా ఇంకోటి లేదంటారు. చెట్ల నీడ, బల్లలు, బాతుల చెరువు, పిల్లలు ఆడుకునే చోటు, బాత్రూములు అన్నీ ఉన్నాయి. పులిహోర, పెరుగన్నం కట్టుకుపోండి, అత్తమ్మగారి తిండి గొడవ అక్కడితో తీరిపోతుంది.

మధ్యలో రాతి సిటీ హాల్ ఉంటుంది, నాలుగు వైపులా ఒకేలా కట్టారు. నాలుగు పక్కల షాపులవాళ్ళూ మావైపే ముఖం ఉండాలని పట్టుబడతారని అలా కట్టారని చెప్తారు 😀 ఏ ఊరైనా వ్యాపారస్తులు వ్యాపారస్తులే.

ఇక మిషన్. స్పెయిన్ పాదర్లు కాలిఫోర్నియా పొడుగూతా కట్టుకుంటూ వచ్చిన 21 చర్చిల్లో ఇదే ఆఖరిది, 1823, అప్పటికే స్పెయిన్ పోయి మెక్సికో వచ్చేసింది. మట్టి ఇటుకల గోడలు ఎంత మందం అంటే ఎండలోంచి లోపలికి పోగానే తేడా తెలిసిపోతుంది. లోపలి పెరట్లో పెద్ద నాగజెముడు డొంక ఉంది, మీ మామయ్య దాని దగ్గర ఆగకపోతే అడగండి. బయటికొచ్చాక పక్కగోడ మీద ఒక రాతిఫలకం ఉంటుంది, అది మాత్రం మిస్ అవ్వొద్దు. అక్కడ పనిచేసి చనిపోయిన స్థానిక అమెరికన్ ఆదివాసుల పేర్లు, 800కి పైగా. అన్నీ పాదర్లు బాప్టిజంలో పెట్టిన స్పానిష్ పేర్లే, వాళ్ళని ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళో ఎక్కడా లేదు. చాలామంది దాని పక్కనే నిలబడి చర్చికి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, నాకు ఒళ్ళు మండుతుంది.

మిషన్, సైనికుల బ్యారక్స్, వయేహో ఇల్లు అన్నీ ఒకే స్టేట్ పార్క్ కింద, ఆ రోజంతా ఒకే టికెట్ చెల్లుతుంది. దాచుకోండి.

బేర్ ఫ్లాగ్ బ్రో:
ప్లాజాలో జెండా పట్టుకున్న విగ్రహం దగ్గర ఆగి మామయ్యగారికి ఆ కథ చెప్పండి, భలే నవ్వుతారు. 1846 జూన్ 14న తెల్లారుజామున కొంతమంది అమెరికన్ సెటిలర్లు వచ్చి వయేహోని నిద్రలేపి నిన్ను అరెస్ట్ చేస్తున్నాం అన్నారంట, ఆయనేమో కూర్చోబెట్టి మందు పోయించాడు, అయినా తీసుకెళ్ళి సటర్ కోటలో పెట్టారు అనుకోండి. వీళ్ళు ఎలుగుబంటి బొమ్మ వేసి జెండా ఎగరేసి మాది కొత్త దేశం అన్నారు. నెల తిరక్కముందే జూలై 9న అది దించి అమెరికా జెండా ఎక్కించారు. ఇప్పటి కాలిఫోర్నియా జెండా మీద ఎలుగుబంటి అదే. వయేహో మాత్రం తర్వాత స్టేట్ సెనేటర్ కూడా అయ్యాడు 🙏 ఆయన ఇల్లు ప్లాజాకి అర మైలు పైన, మోకాళ్ళ నొప్పులంటే కార్లోనే వెళ్ళండి.

డ్రై జాక్ ఫ్యాన్:
పిల్లాడికి ట్రెయిన్‌టౌన్, ఊరికి దక్షిణాన రోడ్డు మీదే, బుల్లి రైలు 1968 నుంచి నడుస్తోంది. టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి, అన్ని రోజులూ తెరవరు.

వెల్లా చీజ్ షాపుకి కూడా వెళ్ళండి, 1931 నాటి కంపెనీ, పాత రాతి బిల్డింగ్. డ్రై జాక్ అని ఒకటుంది, పైన కోకో, మిరియాలపొడి, నూనె కలిపి పూస్తారు, చూడ్డానికి అచ్చం బెల్లం దిమ్మలా ఉంటుంది. అత్తమ్మగారు గుడ్డే తిననప్పుడు పాలు విరిచే రెన్నెట్ దేంతో చేసిందో కౌంటర్లో అడిగి కొనండి, కొన్ని చీజులకి దూడ పొట్టలోంచి తీసినది వాడతారు.

మిర్చి యార్డ్:
మామయ్యగారు రైతా? అయితే వైన్ పక్కన పెట్టి తోటలే చూపించండి. బ్వెనా విస్టా అని 1857లో హరాస్తి అనే హంగరీ ఆయన పెట్టిన వైనరీ ఉంది, రాతి కట్టడాలు, చైనా కూలీలు కొండలోకి తవ్విన గుహలు. లోపలికి, వైన్ టేస్టింగ్‌కి (రుచి చూడ్డానికి) ముందే బుక్ చేసుకోండి. ఆ హరాస్తి 1861లో యూరప్ వెళ్ళి లక్ష దాకా ద్రాక్ష మొక్కలు తెచ్చాడు, చివరికి నికరాగ్వాలో ఏరు దాటబోయి కనపడకుండా పోయాడు, మొసలి తినేసిందనే అంటారు.

అసలు మన పత్తి రైతులకి అర్థమయ్యే కథ ఫిలాక్సెరా. వేరు పీల్చేసే చిన్న పురుగు, కాలిఫోర్నియాలో మొదట బయటపడింది ఇదే సొనోమాలో, 1873లో. మందులకి లొంగలేదు, తోటలకి తోటలు ఎండిపోయాయి. చివరికి పురుగుని తట్టుకునే అమెరికన్ అడవి ద్రాక్ష వేరు మీద యూరప్ కొమ్మ అంటుకట్టడమే దారి అయింది. ఏ తోటలోనైనా వంగి మొదలు దగ్గర చూడమనండి, అంటు కణుపు ఉబ్బుగా కనిపిస్తుంది. మా నాన్న అక్కడ నిలబడి గైడ్‌ని ఎకరానికి ఎన్ని మొక్కలు, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి అని వాయించేశాడు, టేస్టింగ్‌కి వచ్చినవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు. కాయ మీద చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబర్ లోపు వెళ్ళండి.

ఫ్రీమాంట్ కోడలు:
చాలా థ్యాంక్స్ అండి! పత్తి, మిర్చి రెండూ వేస్తారు మామయ్య, ఇక గైడ్ పని అయిపోయినట్టే. దగ్గర్లోనే గ్లెన్ ఎలెన్‌లో రచయిత జాక్ లండన్ పేరున్న పార్క్ కూడా కలపొచ్చా?

ఉల్లిపాయ పెసరట్టు:
అత్తమ్మగారితో అయితే వద్దు. జాక్ లండన్ కట్టించుకుని, కాపురం పెట్టకముందే 1913లో కాలిపోయిన ఇంటి రాతి గోడలు బావుంటాయి గానీ నడవాలి, వచ్చేటప్పుడు ఎక్కుడు. మీ ఆయన టేస్టింగ్ చేస్తే తిరుగు డ్రైవింగ్ మీదే, అది ముందే తేల్చుకోండి. ఇంకోటి, సియర్స్ పాయింట్ రేస్ ట్రాక్ దారిలోనే పడుతుంది, రేస్ ఉన్న వీకెండ్ మాత్రం పెట్టుకోకండి, క్యాలెండర్ చూసి బయల్దేరండి.