గీతలు ఉన్నా నా మాట అవతలికి చేరడం లేదు

ప్రశ్న: మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లా సిరొంచ. నా ఫోనులో సిగ్నల్ గీతలు మూడు కనిపిస్తున్నా, అవతలివారికి నా మాట తెగిపోతోంది. వారి మాట మాత్రం నాకు స్పష్టంగానే వినిపిస్తోంది. అదే సిమ్మును మా అన్నయ్య పాత ఫోనులో వేస్తే, అదే గదిలో ఏ ఇబ్బందీ లేదు. దోషం టవర్‌దా, ఫోనుదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: సిమ్మును మార్చి చూడడం మంచి పని చేశారండీ. అయితే రెండు ఫోన్లూ ఒకే బ్యాండును, అంటే ఒకే తరంగాల శ్రేణిని, పట్టుకున్నాయో లేదో కూడా చూడాలి, ఎందుకంటే మీ ఊళ్లో నది మీదుగా తెలంగాణ ఒడ్డు టవర్ల సిగ్నల్ కూడా అందే అవకాశం ఉంది.

గీతలు చెప్పేది టవర్ మాట ఫోనుకు ఎంత బలంగా అందుతోందన్నది మాత్రమే. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తే, 4జీ ఫోను సాధారణంగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో బదులు పలుకుతుంది. పైగా వినడానికి ఫోనులో కనీసం రెండు యాంటెన్నాలు ఉంటాయి కానీ, మామూలు కాల్‌లో పంపేది చాలావరకు ఒక్కదాని నుంచే. ఆ ఒక్కదాని దగ్గర 3 డెసిబెళ్లు నష్టమైతే గాలిలోకి వెళ్లే శక్తి సగమైపోతుంది, రెండో యాంటెన్నా వింటూనే ఉంటుంది కనుక గీతలు పెద్దగా తగ్గవు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇలాగే ఉంది. మొబైల్ బ్యాండుల్లో ఒకటైన 900 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు కనుక, చిన్న ఫోనులో ఇమిడిన యాంటెన్నా ఆ బ్యాండులో చేతి పట్టుకూ, లోహపు కవరుకూ తొందరగా లొంగుతుంది. ముందు కవరు తీసి, కింది అంచును అరచేతితో మూయకుండా మాట్లాడి చూడండి.

ప్రశ్న: కవరు తీసినా అంతేనండీ. వానాకాలంలో తెర పగిలితే దుకాణంలో మార్పించాను, ఇబ్బంది ఆ తరువాతే మొదలైనట్టుంది.

సమాధానం: అయితే నా అనుమానం యాంటెన్నా వైరు మీదే. చాలా ఫోన్లలో మెయిన్ బోర్డు నుంచి కింది చిన్న బోర్డుకు యాంటెన్నా సిగ్నల్‌ను మోసే సన్నని కోయాక్సియల్ వైరు వెళుతుంది, తెర మార్చేటప్పుడు దాన్ని ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు గట్టిగా నొక్కకపోతే ఇలాగే అవుతుంది. మళ్లీ విప్పించి ఆ వైరునూ, యాంటెన్నాను తాకే స్ప్రింగు పిన్నులనూ చూడమనండి. వైరు నలిగి ఉంటే మార్చడం తేలికే, పంపే సిగ్నల్‌కు బలమిచ్చే పవర్ యాంప్లిఫయర్ చిప్పే పోయి ఉంటే మాత్రం పని పెద్దది. సిగ్నల్ బలాన్ని పెంచే బూస్టరు కొనమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, చుట్టుపక్కల వారి కాల్స్‌కూ అడ్డు తగులుతుంది.