గ్రాండ్ ప్రి లెజెండ్స్: ఆ కష్టం నిజమా, గేమ్ లోపమా?

ఒంగోలు అబ్బాయి
మా బాబాయి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. కొత్త రేసింగ్ గేములు బాగా ఆడతాడు. సెలవులకు వస్తే నా పాత గ్రాండ్ ప్రి లెజెండ్స్ పెట్టిచ్చాను. తెలియనివాళ్ళ కోసం: 1967 ఫార్ములా వన్ సీజన్ మీద పాపిరస్ వాళ్ళు చేసి 1998లో వదిలిన గేమ్ ఇది. మావాడు పది నిమిషాలు కూడా కూర్చోలేదు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు గిర్రున తిరిగిపోతోంది. "అప్పటి ప్రోగ్రామ్ కదన్నా, లెక్క తప్పు చేసుంటారు" అని లేచిపోయాడు. ఆ కార్లు నిజంగా అలాగే ఉండేవా? గేమే అతి చేసిందా?

కావలి రేసర్
గేమ్ చేసింది అతే. నిజమైన టైరు పట్టు తప్పేటప్పుడు కొంచెం కొంచెంగా జారుతుంది. ఇందులో ఉన్నట్టుండి వదిలేస్తుంది. పాత ఫొటోల్లో చూడండి, అప్పటి డ్రైవర్లు జిమ్ క్లార్క్, యోఖెన్ రింట్ కారును అడ్డంగా జారిస్తూనే మలుపు దాటేస్తుంటారు. గేమ్‌లో అంత జారితే మళ్ళీ కుదురుకోవడం చాలా కష్టం. పైగా నిజం కారులో వెనక చక్రాలు జారే సంగతి సీటులో కూర్చున్న ఒంటికి ముందే తెలుస్తుంది. మానిటర్ ముందు కూర్చున్నవాడికి కళ్ళే దిక్కు. చూసి స్టీరింగ్ తిప్పేలోపు అయిపోతుంది.

మూలాపేట పాత ఆటగాడు
తమ్ముడూ, ఒంటికి తెలియదన్న మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

అప్పటి రేసు కారు లోటస్ 49 బరువు సుమారు 500 కిలోలు. ఇంజిన్ 400 హార్స్‌పవర్. కారును నేలకు అదిమిపట్టే రెక్కలు ఫార్ములా వన్‌లోకి వచ్చింది 1968లో. అంటే ఆ శక్తినంతా ఆపాల్సింది నాలుగు టైర్లే, అవీ ఇప్పటి రేసు టైర్లంత వెడల్పువి కావు. అలాంటి కారు రెండో గేరులో పూర్తిగా తొక్కితే తిరక్కుండా ఎలా ఉంటుంది?

నేను 1999లో మొదలుపెట్టా. మొదట కీబోర్డుతో ఆడా, అది పెద్ద తప్పు. బాణం గుర్తు నొక్కితే మొత్తం యాక్సిలరేటర్, వదిలితే సున్నా. నెల రోజులు ఒక్క ల్యాప్ కూడా శుభ్రంగా రాలేదు. తర్వాత మద్రాసు వెళ్ళి రిచీ స్ట్రీట్‌లో స్టీరింగ్, పెడళ్ళు కొనుక్కొచ్చా. అప్పుడు అర్థమైంది. బ్రేకు పని మలుపుకు ముందే ముగించాలి. మలుపులో యాక్సిలరేటర్ కొద్దిగా పట్టుకునే ఉండాలి. భయపడి ఒక్కసారిగా వదిలితే బరువంతా ముందుకు పడి వెనక చక్రాలు తేలిపోతాయి. కోతలప్పుడు వాన పడితే మా పొలం బాటలో బండి నడిపేదీ ఇట్లాగే. బురదలో బ్రేకు ముట్టుకోకూడదు, రేజు మార్చకూడదు.

చిన్నప్పుడు మా మామ షోలవరం రేసులకు తీసుకెళ్ళాడు. పాత విమానాల రన్‌వే అది. రేసు కారు మలుపులో వెనక భాగం ఊపుకుంటూ పోవడం అక్కడే చూశా. మళ్ళీ అదే ఊపు ఈ గేమ్‌లో కనిపించినప్పుడు గుండె ఝల్లుమంది.

ఇంకొకటి. 1967లో క్లార్క్ నాలుగు రేసులు గెలిచాడు, కానీ ఛాంపియన్ డెనీ హల్మ్. అతను గెలిచినవి రెండే. అతని బ్రబామ్ కారు అంత వేగంది కాదుగానీ చివరిదాకా నిలిచేది. గేమ్‌లోనూ అంతే, కారును కాపాడుకున్నవాడిదే రేసు.

చీమకుర్తి లారీ
నాకు గేముల గురించి తెలియదు. రాళ్ళ లారీ నడుపుతా. ఖాళీ బండి వానలో మలుపు మధ్యలో బ్రేకు కొడితే వెనకభాగం పక్కకొచ్చేస్తుంది. ఆ పెద్దాయన చెప్పిన బరువు సంగతి నిజం.

కావలి రేసర్
లారీ సంగతి కాదన్నా. 1967లో డ్రైవర్లు ల్యాప్‌కొకసారి తిరిగిపోయుంటే ఎవరూ మిగిలేవారు కాదు. ట్రాక్ పక్కనే చెట్లు, ఇళ్ళు, గడ్డిమోపులు. వాళ్ళు తిరగలేదంటే కారు అంత మొండిది కాదనేగా?

మూలాపేట పాత ఆటగాడు
అందరూ మిగల్లేదు తమ్ముడూ. ఆ ఏడాదే మొనాకోలో లొరెంజో బండీని కారు కాలి, మూడు రోజులకు చనిపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హాకెన్‌హైమ్‌లో క్లార్క్ పోయాడు. మిగిలినవాళ్ళు ఏళ్ళ తరబడి చిన్న కార్లు నడిపి వచ్చారు. ఆ అబ్బాయి నడిపింది పది నిమిషాలు. గేమ్ చేసినవాళ్ళకీ ఇది తెలుసు, అందుకే తక్కువ శక్తి ఉన్న రెండు రకాల ట్రైనర్ కార్లు అందులోనే పెట్టారు. పిల్లవాణ్ణి నేరుగా పెద్ద కారు ఎక్కించింది నువ్వు, ఒంగోలు అబ్బాయీ.

ఒంగోలు అబ్బాయి
తప్పు నాదే సార్, ట్రైనర్ కార్ల సంగతి మర్చిపోయాను. నిన్న రాత్రి చిన్న ట్రైనర్‌తో మోంజా ట్రాక్‌లో వదిలాను. టైరు విషయంలో మావాడు ఇప్పటికీ కావలి అన్న పక్షమే. కానీ ఒంటిగంట దాకా లేవలేదు. పొద్దున్నే అడుగుతున్నాడు: అక్కడి లెస్మో మలుపులకు మూడో గేరా, నాలుగో గేరా?