టియర్‌డ్రాప్ క్యాంపర్‌కు తక్కువ ఖర్చులో చాసిస్: పాత ఛానల్‌దా, కొత్త బాక్స్ పైపుదా?

పటమట బొలెరో:
అందరికీ నమస్కారం. కన్నీటిబొట్టు ఆకారంలో, లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక తలుపు ఎత్తితే వంటగట్టు ఉండే చిన్న క్యాంపర్‌ను ఇంటి దగ్గరే కట్టుకొని నా బొలెరో వెనక తగిలించుకోవాలన్నది నా చిరకాల కోరిక. అమెరికాలో 1930ల నుంచీ వీటిని ఇళ్ల దగ్గర కట్టుకుంటున్నారు. అక్కడ 8×4 అడుగుల ప్లైవుడ్ షీటుకు సరిపోయే ట్రైలర్ విడిభాగాలుగా దుకాణంలోనే దొరుకుతుంది, తెచ్చుకొని బోల్టులు బిగించుకుంటే చాలు. అలాంటిది నాకు ఇక్కడ దొరకలేదు కాబట్టి మూడు వారాలుగా ఆటోనగర్ చుట్టూ తిరుగుతున్నాను. తుక్కు దుకాణంలో పాత జనరేటర్ ట్రాలీ ఒకటి 28 వేలకు ఇస్తామంటున్నారు. 75 మి.మీ. ఛానల్ (ఒక వైపు తెరిచి ఉండే ఇనుప కమ్మీ), కుదుపులు ఆపే కమాను కట్టలు, చక్రాలు అన్నీ ఉన్నాయి. కొత్తగా 50×50×3 మి.మీ. బాక్స్ పైపుతో (నాలుగు పలకల బోలు పైపుతో) వేయిస్తే ఇరుసు, హబ్బులతో కలిపి 45 వేలవుతుందని వెల్డింగ్ షాపువారు చెప్పారు. అంతకు మించి పెట్టలేను. క్యాంపర్ మొత్తం బరువు 450 కిలోలు దాటదని నా లెక్క. ఏది మేలో పెద్దలు చెప్పగలరు.

గుంటూరు షామియానా:
బాబూ, ఆలోచించకుండా ఛానల్ తీసుకోండి. ఛానల్‌కు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టుకోవచ్చు. బాక్స్ పైపు పైకి నిగనిగలాడుతూనే లోపల పుచ్చిపోతుంది, ఆ సంగతి అది విరిగిన రోజున గాని తెలియదు. క్యాంపర్ కట్టుకున్నాక సూర్యలంక తీరానికి వెళ్ళకుండా ఎవరూ ఉండరు. ఆ ఉప్పుగాలిలో నాలుగు రాత్రులు నిలిపితే పైపు పని అంతే.

మంగళగిరి డ్రాయింగ్:
తుప్పు ఒక్కటే ప్రమాణమైతే చర్చ అక్కరలేదు, కానీ బరువు, మెలిపెట్టే బలం కూడా చూడవలసి ఉంటుంది. 8×4 చట్రానికి నిలువు కమ్మీలు రెండు, అడ్డ కమ్మీలు ఐదు, బండికి తగిలించడానికి ముందుకు సాగే నొగలు రెండు కలిపితే సుమారు 14 మీటర్ల ఇనుము పడుతుంది. 75 ఛానల్ మీటరుకు 7 కిలోల వరకు తూగుతుంది కాబట్టి దాదాపు 100 కిలోలు, 50×50×3 పైపు మీటరుకు 4.3 కిలోల చొప్పున 60 కిలోలు. గతుకులో ఒక చక్రం దిగి ఇంకొకటి దిగనప్పుడు చట్రం మెలితిరుగుతుంది. ఆ మెలికకు నాలుగు వైపులా మూసిన పైపు, అంతే బరువున్న ఛానల్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా నిలుస్తుంది. చట్రం మెలితిరిగితే పైన ప్లైవుడ్ అతుకులు విడతాయి, వాన నీరు లోపలికి దిగుతుంది.

ఆటోనగర్ నాలుగో రోడ్డు:
ఆ ట్రాలీ కమాన్లు జనరేటర్ బరువుకు వేసినవి. 450 కిలోలకు అవి వంగవు, కట్టలో ఆకులు తగ్గించవలసిందే. ట్రాక్టర్ ట్రక్కును కోయించుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినవద్దు, వాటిలో చాలావాటికి అసలు కమాన్లే ఉండవు.

గుంటూరు షామియానా:
డ్రాయింగ్ గారు చెప్పిన మెలిక, బరువు కాగితం మీద బాగానే ఉంటాయి. నా షామియానా సామాన్ల కోసం ఆరేళ్ల క్రితం సరిగ్గా ఇలాంటి బాక్స్ పైపు ట్రైలర్‌నే వేయించాను, అదీ చదువుకున్నవారు గీసి ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారమే. నొగ మొదటి అడ్డ కమ్మీని కలిసే చోట వెల్డింగ్ అంచున వెంట్రుకవాసి గీత ఒకటి పడి, దాని కింద రంగు మీద గోధుమరంగు చార కారింది. మట్టి మరక అనుకొని తుడిచేశాను. వారం తరువాత బాపట్ల దారిలో నొగ మెడ దగ్గర విరిగింది. డ్రాయింగ్ తప్పని వెల్డర్ అన్నాడు, వెల్డింగ్ తప్పని డ్రాయింగ్ గీసినాయన అన్నాడు. విరిగింది పైపు, నష్టపోయింది నేను.

మంగళగిరి డ్రాయింగ్:
మీ కష్టానికి నిజంగా విచారిస్తున్నాను. అయినా మీ వర్ణనలోనే కారణం ఉంది. విరిగింది వెల్డింగ్ అంచున, పైపు లోపల తుప్పు వల్ల కాదు. నొగ అడుగు ముఖానికి అడ్డంగా వెల్డింగ్ వేసి, మూలకు బలంగా వేసే గసెట్ ప్లేటు (మూల రేకు) లేకుండా వదిలేస్తే ఛానల్ అయినా అక్కడే పగులుతుంది. పైపు కొసలకు మూతలు వేసి గాలి చొరకుండా వెల్డ్ చేస్తే లోపలికి తేమ పోదు, లేదా అడుగున రంధ్రాలు పెడితే నీరు నిలవదు. దయచేసి పైపు మీద నింద వేయకండి.

తుళ్ళూరు ఎడ్లబండి:
ఇద్దరూ నొగ గురించి మాట్లాడుతున్నారు గాని, నొగ మీద ఎంత బరువు పడాలో ఎవరూ అడగలేదు. మా నాన్నగారు గడ్డి బండి తోలేవారు. వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేచి ఎడ్ల మెడ తాళ్ళు బిగుసుకుపోతాయని, లోడు వేసేటప్పుడే కాడి పట్టుకొని ఎత్తి చూసుకునేవారు. ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి, అంటే ఈ క్యాంపర్‌కు 45 నుంచి 68 కిలోలు. అంతకంటే తగ్గితే వేగంలో వెనక భాగం పాములాగా ఊగుతుంది. ఇక్కడ వంటగట్టు, గ్యాస్ సిలిండరు, నీళ్ళ డబ్బాలు అన్నీ వెనకే ఉన్నాయి. జనరేటర్ ట్రాలీలో ఇరుసు ఎక్కడ వేసి ఉందో అక్కడే మీకు పనికివస్తుందన్న నమ్మకం లేదు. పెట్టె కట్టి, సామాను సర్దిన తరువాత హుక్కు కింద కాటా పెట్టి తూచి, ఆ పైనే ఇరుసు స్థానం ఖాయం చేసుకోండి. కొత్త చట్రమైతే అందుకు వీలుంటుంది.

మంగళగిరి డ్రాయింగ్:
చాలా ముఖ్యమైన మాట. కొత్తదే వేయించాలనడానికి ఇది ఇంకొక కారణం.

గుంటూరు షామియానా:
ఇంకొక కారణం, ఇంకొక కారణం! మీరు కారణాలు పేర్చుకుంటూ పోతారు, రోడ్డు మీద బండి నడిపేది మీరు కాదు. ఆ రోజు నొగ విరిగినప్పుడు వెనక స్కూటర్ మీద నా పనివాడే వస్తున్నాడు. పిల్లవాడికి 19 ఏళ్ళు. ట్రైలర్ అడ్డం తిరిగి వాడి కాలు మీద పడింది. ఆ ట్రైలర్‌కు నంబరు లేదు, బీమా లేదు. ఆసుపత్రి ఖర్చు రెండు విడతల అప్పు చేసి నేను కట్టాను, వాడు ఈనాటికీ గుంట మీద నుంచి దూకలేడు. పైపైన రంగు వేసి కొత్తగా చేసిచ్చే బండికి కాగితాలు ఎవరు ఇస్తారు? పాతదైతే కనీసం ఒకప్పుడు కంపెనీ చేసిన వస్తువు, దానికొక నంబరు ఉండి ఉంటుంది. నేను ఛానల్ అంటున్నది అందుకు.

మంగళగిరి డ్రాయింగ్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు. అయితే మీ అభ్యంతరం పైపు మీద కాదు, కాగితం మీద. 1988 మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్‌లో మోటారు వాహనం అన్న మాటలోనే ట్రైలర్ కూడా చేరి ఉంది, 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేనిదే దాన్ని రోడ్డెక్కించకూడదు, 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పదు. ఇందులో నాకూ భిన్నాభిప్రాయం లేదు. కాని కాగితం ఉన్నంత మాత్రాన నొగ విరగకుండా ఉండదు. ముందు చట్రం సరిగా ఉండాలి, తరువాత కాగితం.

గుంటూరు షామియానా:
ముందు కాగితం. అది వస్తుందో రాదో తెలియకుండా 45 వేలు ఇనుములో పోయవద్దు. ఈ విషయంలో మీకూ నాకూ కుదరదు.

పటమట బొలెరో:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మధ్యాహ్నం మళ్ళీ తుక్కు దుకాణానికి వెళ్ళాను. ట్రాలీ కాగితాలు అడిగితే లేవన్నారు. టార్చి వేసి కుడి వైపు ఛానల్‌ను మొదటి నుంచి చివరిదాకా చూశాను. నొగ దగ్గర జానెడు మేర రంగు వేరేగా కనిపించి, ఇసుక కాగితంతో రుద్దితే అడుగున గ్రైండర్ గీతలు బయటపడ్డాయి. అక్కడ చెక్కి ఉన్న నంబరును అరగదీశారని నాకు అనుమానం కలిగింది. వద్దని వచ్చేశాను. సోమవారం రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఇంట్లో కట్టుకున్న ట్రైలర్‌ను రిజిస్టర్ చేయడానికి ఏమేమి అడుగుతారో రాయించుకొని వస్తాను. వెల్డింగ్ షాపుకు అడ్వాన్సు అంతవరకు ఇవ్వను.

గుంటూరు షామియానా:
మంచి పని చేశారు బాబూ. విరిగిన ఆ మెడ ముక్కను నేను ఇంకా దాచి ఉంచాను. ఆదివారం గుంటూరు వస్తే చూపిస్తాను, ఎక్కడ పగిలిందో చేత్తో తడిమి చూసుకోవచ్చు. డ్రాయింగ్ గారిని కూడా తీసుకురండి.

మంగళగిరి డ్రాయింగ్:
తప్పకుండా వస్తాను. ఆ ముక్కను మధ్యకు కోయించి లోపలి గోడ మందం కొలుద్దాం. తుప్పు తిన్నదా, వెల్డింగ్ తప్పిందా అన్నది అక్కడ తెలుస్తుంది.