జార్జియా సంస్కరణలు: ఎవరికి మేలు జరిగింది? అక్కడున్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం
డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. సోవియట్ నుంచి విడిపోయి మార్కెట్ బాట పట్టిన చిన్న దేశాల పాఠంలో జార్జియా తప్పకుండా వస్తుంది. 2003 నవంబర్‌లో పాత ప్రభుత్వాన్ని దింపిన గులాబీ విప్లవం, దాంతో వచ్చిన సాకష్విలి ప్రభుత్వం, 2004లో ట్రాఫిక్ పోలీసులందరినీ ఇంటికి పంపి కొత్తవాళ్లను తీసుకోవడం, ఇరవై పైచిలుకు పన్నుల్ని ఆరుకు కుదించడం, వ్యాపారం చేయడం ఎంత సులువో చూసే ప్రపంచ బ్యాంకు డూయింగ్ బిజినెస్ 2020 నివేదికలో 7వ ర్యాంకు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అక్కడ బతికినవాళ్ల మాటే దొరకడం లేదు. లంచం నిజంగా పోయిందా? అక్కడి కరెన్సీ లారి విలువ పడినప్పుడు మామూలు మనిషి ఎలా తట్టుకుంటాడు? పల్లెలకు ఏం చేరింది? 37 లక్షల జనాభా ఉన్న దేశం నుంచి అంతమంది వలస ఎందుకు పోతున్నారు?

సబుర్తాలో_సీనియర్
లారి పడితే కాదు సార్, పెరిగితే ఏమవుతుందో నన్నడగండి. నేను రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, మార్చికల్లా రష్యన్లు లాప్‌టాప్‌లు, డాలర్లు పట్టుకుని దిగిపోయారు. మా ఇంటావిడ పాపం మంచిదే. వచ్చి కూర్చుని, టీ తాగి, వచ్చే నెల నుంచి అద్దె రెట్టింపు, కుదరకపోతే ఖాళీ చేయండి అంది. అగ్రిమెంటు లేదు. ముగ్గురం సామాన్లతో రోడ్డు మీద పడ్డాం. ఆ ఏడాది జీడీపీ 10 శాతం పైనే పెరిగింది. డాలరుకు మూడు లారిలకు పైన వచ్చేది 2.70 దాకా దిగింది. ఇంటి నుంచి వచ్చే డబ్బు డాలర్లలో, కూరగాయలు కొనేది లారిల్లో. నాన్న అంతే పంపుతున్నాడు, నా చేతికి మాత్రం తక్కువ వస్తోంది. కరెన్సీ బలపడింది అని వార్తల్లో సంతోషంగా చదువుతుంటే ఒళ్లు మండేది.

మసాలా_మెస్
తమ్ముడూ, అద్దెలు పెరిగితే దేశం బాగుపడినట్టే. నువ్వు చదువుకుని వెళ్లిపోతావు, నేను ఇక్కడ పెట్టుబడి పెట్టాను.

కృష్ణాతీరం గారూ, లంచం గురించి నేను చెబుతాను. కురా నది ఒడ్డున పుట్టగొడుగుల్లాంటి తెల్లటి కప్పులతో పబ్లిక్ సర్వీస్ హాల్ ఉంటుంది. పొద్దున వెళ్లి టోకెన్ తీసుకున్నాను. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు చూసి, అడ్రస్ కాగితం అడిగి, ఫీజు కట్టించుకుంది. సాయంత్రానికి కంపెనీ రిజిస్టర్ అయింది. టీ డబ్బులు లేవు, రేపు రా అనడం లేదు. మా ఊళ్లో టిఫిన్ సెంటర్ లైసెన్సు కోసం నేను పడ్డ టెన్షన్ గుర్తొస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్ను 1 శాతం. కరెంటు పోవడమనేదే లేదు. అన్నీ ప్రైవేటుకి ఇచ్చేశారు కాబట్టే ఇలా ఉంది. కాఖా బెందుకిద్జే అని ఒక మంత్రి ఉండేవాడు, మనస్సాక్షి తప్ప అన్నీ అమ్ముతాం అన్నాడు, అన్నట్టే చేశాడు. మనకు అలాంటివాడు ఒక్కడుంటే చాలు.

ఆడిటర్_తెనాలి
ఆగండి. కంపెనీకి 1 శాతం పన్నా? మాజీ సోవియట్ దేశాల్లో మనవాళ్ల పన్ను ఫైళ్లు చూడటమే నా వృత్తి, కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. 1 శాతం అనేది చిన్న వ్యాపారి హోదా, వ్యక్తిగతంగా రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే. అదీ ఏడాది టర్నోవర్ 5 లక్షల లారిల లోపు. కన్సల్టెన్సీ లాంటి కొన్ని పనులకు అసలు వర్తించదు. కంపెనీ అయితే 15 శాతం, కాకపోతే లాభం పంచుకున్నప్పుడు మాత్రమే. 2017 నుంచి ఎస్టోనియా పద్ధతి అది. లాభాన్ని వ్యాపారంలోనే పెడితే పన్ను లేదు. జీతాల మీద 20 శాతం, వ్యాట్ 18. ఆదాయపు పన్ను లాంటివాటి రేటు పెంచాలంటే రెఫరెండం పెట్టాలని చట్టమే చేసుకున్నారు. ఇలాంటి కట్టుబాటు అన్ని దేశాల్లో ఉండదు.

మసాలా_మెస్
నాకు రెండూ ఉన్నాయి సార్. కంపెనీ వేరే, నా పేరు మీద మెస్ వేరే. తెలియకుండా మాట్లాడను.

పాత_కామ్రేడ్
ఒక్క మాట వదిలిపెట్టలేను. ప్రైవేటుకిస్తే కరెంటు వచ్చిందట! ఆ కరెంటు వచ్చేది ఎంగురి ఆనకట్ట నుంచి. 271 మీటర్ల ఎత్తు, 1300 మెగావాట్లు, 1978లో ఉత్పత్తి మొదలు. కట్టింది సోవియట్ కార్మికులు. ఈ రోజుకీ అది ప్రభుత్వ ఆస్తే. మీ బెందుకిద్జే అమ్మినవాటిలో అది లేదు. నేను మాస్కోలో చదువుకున్న రోజుల్లో సెలవులకు టిబిలిసి వెళ్లాను. బల్ల మీద పళ్లు, వైన్, ఇంటి నిండా వెలుతురు. అదే ఊరు 90ల్లో కిరసనాయిలు పొయ్యిల ముందు చలి కాచుకుంది. 1990తో పోలిస్తే 1994 నాటికి ఉత్పత్తిలో మూడింట రెండొంతులకు పైగా పోయింది. మార్కెట్ ఇచ్చిన మొదటి బహుమతి అదే.

మసాలా_మెస్
అంతర్యుద్ధాన్ని కూడా మార్కెట్ ఖాతాలోనే రాస్తారా కామ్రేడ్ గారూ? అబ్ఖాజియా, దక్షిణ ఒసెటియా ప్రాంతాలు విడిపోయి చేజారాయి, టిబిలిసి నడిబొడ్డున తుపాకులు పేలాయి. దానికీ ప్రైవేటీకరణకూ ఏం సంబంధం? అంధకారంలో ఉన్న టిబిలిసికి కరెంటు ఇచ్చింది అమెరికా కంపెనీ ఏఈఎస్. మీటర్లు పెట్టింది, బిల్లు కట్టించింది.

లైన్‌మన్_కొడుకు
ఏఈఎస్ పేరు ఎత్తారు కాబట్టి చెప్పక తప్పదు. నేను విద్యుత్ పంపిణీలో సర్వీసంతా చేసి రిటైరయ్యాను. జార్జియా కేసు మాకు ట్రైనింగ్‌లో చెప్పేవాళ్లు. 1998 చివర్లో ఏఈఎస్ టిబిలిసి పంపిణీ సంస్థ తెలాసిని కొన్నది. మీటర్లు పెట్టిన మాట నిజం. కానీ వైరు చివర మీటరు పెడితే సరిపోదు. పైనుంచి కరెంటు రావాలి. ఉత్పత్తిలో చాలా భాగం, ట్రాన్స్‌మిషన్ ప్రభుత్వం చేతిలో, దొంగల చేతిలో ఉండేది. టిబిలిసికి రావాల్సిన కరెంటు మధ్యలోనే మాయమయ్యేది. నష్టాలు భరించలేక 2003లో రష్యా సంస్థ ఆర్‌ఏఓ యూఈఎస్‌కి అమ్మేసి వెళ్లిపోయారు. ఇదే ఏఈఎస్ 1999లో మన పక్కన ఒడిశాలో పంపిణీ తీసుకుని 2001లో వదిలేసి వెళ్లింది. సూపర్ సైక్లోన్ తర్వాత ఆ స్తంభాలు ఎత్తినవాళ్లను అడగండి, చెబుతారు.

2004 తర్వాత ఏం మారింది? ఒకటి, పైస్థాయిలో దొంగతనం ఆపారు. రెండు, యూరప్ అభివృద్ధి బ్యాంకు ఈబీఆర్‌డీ అప్పు, యూరోపియన్ యూనియన్ సాయం తెచ్చి ఎంగురిని బాగు చేశారు. మూడు, బిల్లు కట్టకపోతే ఎవరి ఇంటికైనా లైన్ కట్. మంత్రి బంధువు అని చూడలేదు. 2007కల్లా కరెంటు ఎగుమతి చేసే స్థితికి వచ్చారు. కట్టింది సోవియట్, చక్కబెట్టింది ప్రభుత్వం, పంచింది ప్రైవేటు. ఇద్దరూ సగం సగం చెబుతున్నారు.

పాత_కామ్రేడ్
లైన్ కట్ చేయడం గొప్పా? పింఛను మీద బతికే ముసలావిడకు చలికాలంలో లైన్ కట్ చేస్తే ఏమవుతుంది? ప్రపంచ బ్యాంకు మన దగ్గరా ఇదే పాఠం చెప్పింది. 1999లో కరెంటు బోర్డును ముక్కలు చేశారు, 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద చేసిన ర్యాలీపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ ర్యాలీలో నేనున్నాను.

లైన్‌మన్_కొడుకు
బషీర్‌బాగ్ గురించి నాతో మాట్లాడకండి. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, ఆఫీసు మీద రాళ్లు పడ్డాయి. రాళ్లు వేసినవాళ్లలో బిల్లు కట్టేవాళ్లు ఎందరున్నారో నాకు తెలుసు.

పాత_కామ్రేడ్
చనిపోయిన ముగ్గురి గురించి ఆ మాట అనగలరా?

అడ్మిన్
బషీర్‌బాగ్ చర్చ ఇక్కడితో ఆపండి. దానికి వేరే థ్రెడ్ ఉంది. తర్వాతి రెండు పోస్టులు తొలగించాను.

నిజామాబాద్_పసుపు
జార్జియాలో ఎకరాలు చవక అని మా ఊళ్లో ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. పంజాబ్ వాళ్లు కొన్నారట. ఎవరికైనా తెలుసా?

కఖేతి_కోడలు
మాది తూర్పు జార్జియాలో కఖేతి. మా అత్తగారిది ద్రాక్షతోట ఉన్న ఊరు. పల్లె గురించి అడిగినవాళ్లకు ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను.

మా అత్తయ్య బిస్కెట్ డబ్బాలో పాత కూపన్ల కట్ట దాచుకుంది. లారి రాకముందు రెండేళ్లు ఆ కాగితాలే డబ్బు. 1995 అక్టోబర్‌లో లారి వచ్చినప్పుడు పది లక్షల కూపన్లకు ఒక్క లారి ఇచ్చారు. ఆమె టీచర్. సోవియట్ బ్యాంకులో దాచుకున్న పెళ్లి డబ్బులు ఎటు పోయాయో ఇప్పటికీ లెక్క లేదు. ఈ రోజుకీ చేతికి నాలుగు డబ్బులు వస్తే డాలర్లుగా మార్చి దాస్తుంది. బ్యాంకు అంటే నమ్మకం లేదు, లారి అంటే ఇంకా నమ్మకం లేదు. ఆ భయం ఏ సంస్కరణకీ పోలేదు.

లంచం మాత్రం పోయింది. మా ఆయన 2005లో మొట్టమొదటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసిన బ్యాచ్. అంతకు ముందు యూనివర్సిటీ సీటు కావాలంటే మనిషి కావాలి, లేదా డబ్బు కావాలి. వాళ్ల అక్కకు ఆ రెండూ లేక చదువు ఆగిపోయింది. తమ్ముడికి పరీక్షలో మార్కులు వచ్చాయి, సీటు వచ్చింది. సాకష్విలి పేరు చెబితే తిట్టే మా ఇంట్లో కూడా ఆ ఒక్క పనికి దండం పెడతారు.

ఆ అక్కే, అంటే మా ఆడపడుచు, ఇప్పుడు ఇటలీలో ముసలివాళ్లను చూసుకుంటోంది. మా వీధిలో సగం ఇళ్ల ఆడవాళ్లు ఇటలీలోనో గ్రీసులోనో ఉన్నారు. ఆమె పంపే యూరోలతోనే ఇంటి పైకప్పు వేశాం, మామయ్య ఆపరేషన్ అయింది. లారి బలపడిన ఏడాది ఆ యూరోలు కూడా తక్కువే వచ్చాయి, సబుర్తాలో తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం.

ఊళ్లో కిరాణా కొట్టులో అరువు పుస్తకం ఉంటుంది. నిసియా అంటారు. అందులో లేని పేరు లేదు. పింఛను వచ్చిన రోజు కొట్టు ముందు క్యూ కడతారు, పాత బాకీ కొట్టేసి కొత్తది మొదలుపెడతారు. కొట్టు అరువు చాలక జనం ఆన్‌లైన్ లోన్లు తీసుకున్నారు. 2018 అధ్యక్ష ఎన్నికల రెండో రౌండుకు ముందు, అధికార పార్టీ పెద్ద, కోటీశ్వరుడు ఇవానిష్విలి ఫౌండేషన్ డబ్బుతో దాదాపు 6 లక్షల మంది మొండి బాకీలు రద్దు చేస్తామని ప్రకటించారు. 37 లక్షల జనాభాలో 6 లక్షల మంది! ర్యాంకులు లెక్కేసినవాళ్లు మా కొట్టు పుస్తకం కూడా ఒకసారి తెరిచి చూడాల్సింది.

నిజామాబాద్ అన్నా, పంజాబ్ రైతులు 2012 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి కొన్న మాట నిజం. ఊళ్లలో గొడవలయ్యాయి. తర్వాత అమ్మకాలు ఆపారు, 2018 నుంచి రాజ్యాంగంలోనే విదేశీయులకు సాగుభూమి అమ్మకూడదని పెట్టారు. ఆ ఏజెంటుకు ఒక్క పైసా ఇవ్వకండి.

ఆడిటర్_తెనాలి
మంచి పోస్టు అమ్మా. అప్పుల మీద ఒక వివరం కలుపుతాను. జీతం లారిలో, హౌసింగ్ లోన్ డాలర్లలో ఉన్నవాళ్లే 2015లో నలిగిపోయారు. డాలరు 1.75 లారి దగ్గర నుంచి 2.40కి వెళ్లింది, జీతం అంతే, ఈఎంఐ మాత్రం పెరిగిపోయింది. అందుకే 2017లో లక్ష లారిల లోపు అప్పులు లారిలోనే ఇవ్వాలని నిబంధన తెచ్చారు. పదేళ్ల ముందే చేయాల్సిన పని.

మసాలా_మెస్
మరి వైన్ సంగతి చెప్పలేదేం? 2006లో రష్యా జార్జియా వైన్, బోర్జోమి మినరల్ నీళ్లు నిషేధించింది. అందరూ ఏడ్చారు. ఆ దెబ్బకు నాణ్యత పెంచుకుని వేరే దేశాలకు అమ్మడం నేర్చుకున్నారు. పోటీ పెడితేనే మనిషి బాగుపడతాడు.

కఖేతి_కోడలు
ఆ నేర్చుకునే లోపు మా మామయ్య సగం తోట పీకేశాడండీ. 2013లో నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ ఎక్కువ వైన్ కొనేది రష్యానే. రేపు మాస్కో గేటు మూస్తే సపెరావి ద్రాక్ష కిలో ఎంతకు పోతుందో తలుచుకుంటేనే మాకు నిద్ర పట్టదు.

పాత_కామ్రేడ్
అందరూ వదిలేసింది నేను చెబుతాను. 2006లో కొత్త కార్మిక చట్టం తెచ్చి, కారణం చెప్పకుండా తీసేసే హక్కు యజమానికిచ్చారు. అదే ఏడాది కార్మిక తనిఖీ శాఖను రద్దు చేశారు. డూయింగ్ బిజినెస్ ర్యాంకు పైకి పోయింది. త్కిబులి బొగ్గు గనిలో 2018 ఏప్రిల్‌లో ఆరుగురు, జూలైలో నలుగురు చనిపోయారు. ప్రైవేటు రంగంలో కనీస వేతనం 1999లో పెట్టింది 20 లారిలు. నెలకు! ఇప్పటికీ మార్చలేదు. పోలీసు లంచం అడగకపోవడం మంచిదే, కాదనను. గనిలో దిగేవాడికి పైకప్పు సరిగా ఉందో లేదో చూసే అధికారి కూడా లంచంతో పాటే పోయాడు.

మసాలా_మెస్
20 లారికి ఎవరూ పని చేయరు. నా వంటవాడికి ఎంతిస్తున్నానో వచ్చి చూడండి. మిమ్మల్ని ఎవరూ ఆపలేదు.

పాత_కామ్రేడ్
మీరు ఇవ్వకపోతే అడిగేవాడు ఎవరున్నారన్నదే నా ప్రశ్న.

ఆడిటర్_తెనాలి
2021 నుంచి లేబర్ ఇన్‌స్పెక్షన్‌కి పూర్తి అధికారాలు వచ్చాయి. అన్ని రంగాల్లోకీ ముందు చెప్పకుండా వెళ్లొచ్చు. యూరోపియన్ యూనియన్‌తో 2014లో చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చిన మార్పు అది.

కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. కఖేతి నుంచి రాసిన అమ్మ పోస్టు క్లాసులో చదివి వినిపిస్తాను, అభ్యంతరం లేకపోతే. లైన్‌మన్ గారూ, ఎంగురి అంత పెద్దదైతే ఇంకా కరెంటు బయట ఎందుకు కొంటున్నారు?

లైన్‌మన్_కొడుకు
ఎండాకాలం మంచు కరిగి నీళ్లు నిండుగా ఉంటాయి, శీతాకాలం ఉండవు. దానికి తోడు ఆనకట్ట జార్జియా నేల మీద, పవర్ హౌస్ అబ్ఖాజియా వైపు. మధ్యలో పొడవైన సొరంగం. యుద్ధం జరిగినా నీళ్లు ఒకరివి, టర్బైన్లు ఒకరివి కాబట్టి ఇద్దరూ కలిసే నడుపుతున్నారు. అబ్ఖాజియా వాడుకునేదానికి జార్జియా చేతికి డబ్బు రాదు, అక్కడ ఇళ్లలో క్రిప్టో మైనింగ్ మొదలయ్యాక వాడకం ఇంకా పెరిగింది. చలికాలం లోటు పడితే రష్యా, అజర్‌బైజాన్‌ల నుంచి తెచ్చుకుంటారు. సొరంగం మరమ్మతు కోసం 2021లో స్టేషన్ మూడు నెలలకు పైగా ఆపారు. ఆ వివరాలు కావాలంటే విడిగా రాస్తాను, అది పెద్ద కథ.

సబుర్తాలో_సీనియర్
విడిగా ఎందుకు అంకుల్, ఇక్కడే రాయండి. మా హాస్టల్లో హీటర్ బిల్లు ఈ నెల ఎందుకు పెరిగిందో నాకూ తెలుసుకోవాలనుంది.