లేనా నది: ‘ఎగువ’ అంటే పటంలో పైకా?

ప్రశ్న: సైబీరియాలోని లేనా నది మీద బడి పిల్లలకు పాఠం తయారవుతోంది. ‘ఎగువ లేనా’ అంటే పటంలో పైవైపు, ఉత్తరాన వెతుకుతున్నారు. ‘దక్షిణ లేనా’ అని మార్చవచ్చా?

జవాబు: మార్చకండి. ‘దిగువ’ వచ్చిందే ‘దిగు’ నుంచి. నీరు దిగే వైపు దిగువ, వచ్చే వైపు ఎగువ, దిక్కులతో పనిలేదు. లేనా బైకాల్ సరస్సు పక్క కొండల్లోనే పుట్టినా అందులో కలవదు. దాదాపు 4,400 కి.మీ. పారి ఉత్తరాన లాప్తెవ్ సముద్రంలో కలుస్తుంది. కాచుగ్, ఉస్త్-కూత్, కీరెన్స్క్ ఎగువ ఊళ్లు; జిగాన్స్క్, క్యుస్యూర్ దిగువవి. పైగా ‘దక్షిణ’ అనే మాట నడుమ భాగంలో తేలిపోతుంది. లేన్స్క్‌కు దిగువనున్న ఒల్యోక్మిన్స్క్, పటంలో దానికంటే కాస్త దక్షిణానే ఉంది!

మరో జవాబు: గట్లూ అంతేనండీ. ప్రవాహం వైపు ముఖం పెట్టి నిలబడి కుడి, ఎడమ చెప్పాలి. విటీమ్, ఒల్యోక్మా దక్షిణం నుంచి, అల్దాన్ తూర్పు నుంచి వచ్చినా మూడూ కుడి ఉపనదులే. విల్యూయ్ ఎడమది. యాకుత్స్క్ నగరం ఎడమ గట్టున ఉంది.

ఇంకో జవాబు: పాఠంలో వరద గురించి ఉంటే జాగ్రత్త. ‘ఎగువ నుంచి వరద, దిగువ ప్రాంతాలు జలమయం’ అని మన పత్రికల్లో అలవాటైన వాక్యం ఇక్కడ సరిపోదు. లేనా వేడి వైపు నుంచి చలి వైపు పారుతుంది. చలికాలంలో నది మీద గడ్డకట్టిన మంచు ఎగువన మే మొదట్లోనే పగులుతుంది, యాకుత్స్క్ దగ్గర మే రెండో సగంలో, డెల్టా దగ్గర జూన్‌లో. విరిగిన గడ్డలు కొట్టుకొచ్చి, ఇంకా గట్టిగా ఉన్న మంచుకు తగిలి, వంపుల దగ్గరా లంకల మధ్యా ఇరుక్కుంటాయి. అప్పుడు మునిగేది ఆ అడ్డుకు ఎగువనున్న ఊరే. 2001 మేలో లేన్స్క్ అలాగే మునిగింది. విమానాలతో బాంబులు వేసి మంచును పగలగొట్టాల్సి వచ్చింది. అందుకే ముందుగానే మంచును రంపాలతో కోస్తారు, త్వరగా కరగడానికి పైన నల్లటి పొడి చల్లుతారు. ‘మంచు అడ్డుపడి నీరు ఎగదన్నింది’ అని రాయండి, అర్థమవుతుంది.

మొదటి ప్రశ్నకర్త: మరి డెల్టాలో ‘పాయ’, ‘లంక’ వాడవచ్చా?

జవాబు: నిక్షేపంగా. స్తోల్బ్ అనే రాతి లంక దగ్గర నది పాయలుగా చీలుతుంది. వాటిలో త్రోఫీమొవ్, బీకొవ్, ఒలెన్యోక్, తుమాత్ ముఖ్యమైనవి. తిక్సీ రేవుకు పోయే ఓడలు బీకొవ్ పాయనే పట్టుకుంటాయి.